పాత థార్‌కు ఎంత వరకు పెట్టవచ్చు?

ప్రశ్న: నేను పాడేరు దగ్గర ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిని. చేతికి వచ్చే జీతం 58,000 రూపాయలు, ఇంటి ఖర్చు 32,000, చీటీకి 5,000 పోతుంది. 1.5 లక్షల ఆ చీటీకి ఇంకా ఎనిమిది వాయిదాలు ఉన్నాయి, ఫిబ్రవరిలో ముగుస్తుంది. కొండ మీద మాకున్న కాఫీ తోటకు వానాకాలంలో మామూలు కారు వెళ్లదు. విశాఖపట్నంలో 2017 మోడల్ డీజిల్ మహీంద్రా థార్ జీపును (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే ఫోర్ బై ఫోర్) 6.5 లక్షలకు చెబుతున్నారు. బ్యాంకులో 3.2 లక్షలు, అమ్మాయి ఇంజనీరింగ్ చదువు కోసం వేసిన 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నాయి. డిపాజిట్ తీసి కొనాలా, డీలర్ ఇప్పిస్తానంటున్న 5 లక్షల అప్పు 13 శాతం వడ్డీకి నాలుగేళ్లకు తీసుకోవాలా?

సమాధానం: అమ్మాయి చదువు డబ్బును మాత్రం ముట్టుకోకండి. కాలేజీ ఫీజు కట్టవలసిన తేదీ మన కోసం ఆగదు, ఆ రోజుకు బండి అమ్మి డబ్బు తేవడం కూడా మన చేతిలో ఉండదు. డీలర్ చెప్పిన అప్పు కూడా మీకు ఎక్కువే. 5 లక్షలకు నెల వాయిదా సుమారు 13,400 అవుతుంది, నాలుగేళ్లలో వడ్డీయే దాదాపు 1.44 లక్షలు అవుతుంది. మీకు నెలకు మిగిలేది 21,000. అందులో వాయిదా పోగా, డీజిలుకు ఆరు వేలు, మరమ్మతులకు నాలుగు వేలు వేసుకుంటే నెల తిరిగేసరికి లోటు పడుతుంది. కాఫీ డబ్బు ఏడాదికి ఒక్కసారే వస్తుంది, దాని ధర కూడా ఒకచోట నిలవదు కనుక నెల వాయిదాకు దానిని నమ్ముకోకూడదని ఈ లెక్కలో కలపలేదు.

అయితే 6.5 లక్షలన్నది అమ్మేవారు చెప్పిన మాట. బండి అసలు విలువ తెలిసేది దాని అడుగు భాగం చూస్తేనే. ఈ థార్ నిచ్చెన లాంటి ఉక్కు చాసిస్ (అడుగు చట్రం) మీద కట్టిన బండి. విశాఖలో సముద్రపు గాలి తగులుతూ ఏళ్ల తరబడి తిరిగిన బండికి పైన పెయింట్ మెరుస్తున్నా, చాసిస్ అడ్డ కమ్మీల లోపల, వెనుక కమాను కట్టలు బిగించే బ్రాకెట్ల దగ్గర తుప్పు పట్టి ఉండవచ్చు. గుంత ఉన్న షెడ్డులోనో లిఫ్ట్ మీదనో పెట్టించి, స్క్రూడ్రైవర్ పిడితో అక్కడక్కడ తట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది, పొరలు రాలుతుంది. కింద అంతా కొత్తగా నల్ల రంగు పూసి ఉంటే దానిని శుభ్రతగా తీసుకోకండి, ఏమి కప్పారో అడగండి. చాసిస్‌ను తుప్పు తిన్న బండిని ఎంత తగ్గించి ఇచ్చినా వద్దనే చెబుతాను.

రెండవది, ఇరుసుల గేర్లు ఉండే పెట్టెల్లోని, అంటే హౌసింగుల్లోని ఆయిల్. నేను కొన్నేళ్ల క్రితం ఒక పాత ఫోర్ బై ఫోర్‌ను ఇంజిన్ శబ్దం బాగుందని సంబరపడి కొన్నాను. మూడో నెలలో వెనుక నుంచి సన్నని ఈల లాంటి మోత మొదలైంది. మెకానిక్ హౌసింగ్ ప్లగ్ విప్పగానే పాలు ఎక్కువైన టీ రంగులో ఆయిల్ కారింది. వేడెక్కిన హౌసింగ్ చల్లని వాగు నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, గాలి ఆడే బ్రీదర్ పైపు దెబ్బతిన్నా సీళ్లు అరిగినా నీటిని లోపలికి పీల్చుకుంటుంది. బేరింగులు, పినియన్ అనే చిన్న గేరు మార్చడానికి నాకు 28,000 అయింది. కొనే ముందు ఆ ప్లగ్ విప్పించడానికి పట్టేది పది నిమిషాలు. ముందు, వెనుక హౌసింగులతో పాటు ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) ఆయిల్ కూడా వేలికి తీసి చూడండి. అమ్మేవారు ఒప్పుకోకపోతే అక్కడి నుంచి వచ్చేయండి.

తోలి చూసేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉండగానే వెళ్లాలి. బానెట్ మీద చేయి పెడితే వెచ్చగా తగిలితే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం. నడుస్తున్న ఇంజిన్ ఆయిల్ మూత తీసినప్పుడు పొగ బలంగా తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు, ఇక ఆ బేరం వదిలేయడమే మంచిది. ముందుకూ వెనక్కూ గేరు మార్చినప్పుడు కింద టక్కుమంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇరుసుకు శక్తిని తీసుకెళ్లే కడ్డీ) క్రాసులు, అంటే దాని కీళ్లు అరిగి ఉండవచ్చు. అది చిన్న ఖర్చే, ధరలో తగ్గించమనండి. ఫోర్ బై ఫోర్‌ను మట్టి నేల మీదనే పరీక్షించాలి. ఈ బండికి ముందు, వెనుక ఇరుసుల మధ్య వేగంలో తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు కనుక ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ హై (నాలుగు చక్రాలకూ మామూలు వేగంలో శక్తి) వేసి మలుపు తిప్పితే గేర్లు ఒకదానితో ఒకటి బిగపడతాయి. మట్టిలో ఫోర్ హై వేసి కొంత దూరం నడిపి, తరువాత ఆపి న్యూట్రల్‌లో ‘ఫోర్ లో’ (తక్కువ వేగం, ఎక్కువ లాగే బలం) వేయండి. లివరు మొండికేసినా, లోపల గొలుసు లాగినట్టు చప్పుడు వచ్చినా అది పెద్ద ఖర్చు. ఇదే కారణంతో నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదలలో ఉండాలి. టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు 2319 అయితే అది 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. టైర్లు పాతవైతే స్టెప్నీతో కలిపి ఐదింటికి నలభై వేలు దాటుతుంది.

ఒక మాట మనసులో పెట్టుకోవాలి. 2017 థార్‌లో ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. థార్‌కు ఏబీఎస్ 2019లో, ఎయిర్‌బ్యాగులు 2020లో వచ్చిన కొత్త థార్‌తో వచ్చాయి. తోటకు వెళ్లిరావడానికి ఇది సరిపోతుంది గానీ, ఘాట్ రోడ్డులో కుటుంబమంతా విశాఖకు దిగడానికి దీనిని వాడుకోవద్దని నా విన్నపం.

కాగితాల విషయంలో ఆర్‌సీలో పాత అప్పు తాలూకు హైపోథికేషన్ (బండి తాకట్టులో ఉన్నట్టు నమోదు) ఉందేమో, ఈ-చలాన్లు మిగిలి ఉన్నాయేమో చూడండి. టైర్లు, బంపర్లు మార్చి ఉంటే రేపు బీమా క్లెయిమ్ దగ్గర చిక్కు రావచ్చు. బండి చేతికి వచ్చిన 14 రోజుల్లో బీమాను మీ పేరుకు మార్పించుకోవాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆయనకే చెందుతుంది, మీకు రాదు. 1500 సీసీ దాటిన కారుకు 2022 జూన్ నుంచి అమలైన థర్డ్ పార్టీ (ఎదుటివారికి జరిగే నష్టానికి) బీమా ప్రీమియమే 7,897 రూపాయలు, దాని మీద జీఎస్టీ అదనం.

ఇక నా సలహా: ఫిబ్రవరి వరకు ఆగండి. చీటీని మధ్యలో పాడుకోకుండా చివరి వరకు ఉంచితే 1.5 లక్షలు దాదాపు పూర్తిగా చేతికి వస్తాయి. బ్యాంకులోని 3.2 లక్షల్లో లక్ష అత్యవసరానికి, 80,000 మొదటి ఏడాది బండి మరమ్మతులకు, బీమాకు పక్కన పెడితే 1.4 లక్షలు మిగులుతాయి. రెండూ కలిపి 2.9 లక్షలు చేతి డబ్బు, 3 లక్షలు అప్పు, మొత్తం 5.9 లక్షలు. అంతకు మించి ఒక్క రూపాయి కూడా వద్దు. అదే 13 శాతానికి మూడేళ్ల వాయిదా సుమారు 10,100, మొత్తం వడ్డీ 64,000 లోపు. డీలర్ లెక్కతో పోలిస్తే మీకు మిగిలేది దాదాపు 80,000, అంటే నేను మరమ్మతులకు పక్కన పెట్టమన్నంత. చీటీ ముగిశాక నెలకు 26,000 మిగులుతుంది కనుక డీజిలు, మరమ్మతులు, వాయిదా పోయినా కొంత చేతిలో ఉంటుంది. ఈలోగా ఈ బండి పోతే పోనివ్వండి, ఫిబ్రవరికి ఇలాంటిది ఇంకొకటి వస్తుంది.

కొన్న తరువాత మరమ్మతుల నాలుగు వేలను రికరింగ్ డిపాజిట్‌గా కట్టండి, చేతిలో ఉంచుకుంటే ఖర్చయిపోతాయి. బురద నుంచి వచ్చిన ప్రతిసారీ కింది భాగాన్ని నీళ్లతో కడిగించండి, క్రాసులకు గ్రీజు కొట్టించండి. వాగు దాటిన వారంలో హౌసింగ్ ఆయిల్ చూపించండి. వేసవిలో కూడా నెలకొకసారి మట్టి దారిలో ఫోర్ బై ఫోర్ వేసి కాసేపు నడపండి. వాడకుండా వదిలేస్తే ఆ లివరు వానాకాలంలో అవసరమైన రోజునే కదలదు.

బేరం కుదిరిన రోజు అడ్వాన్సు పది వేలు మించనివ్వకండి. ఇచ్చే ముందు రసీదు మీద, మీ మెకానిక్ చూసి చాసిస్, హౌసింగ్ ఆయిల్ బాగోలేవంటే అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇస్తామని అమ్మేవారి చేత రాయించి సంతకం తీసుకోండి.