కుటుంబ ప్రార్థనంటే పిల్లలు పారిపోతున్నారా? మా ఇంట్లో నిలిచినవి, బెడిసికొట్టినవి

"మాది చిత్తూరు. బాబుకి పదేళ్లు, పాపకి ఏడు. రాత్రి కుటుంబ ప్రార్థన అనగానే ఒకరికి నిద్ర, ఇంకొకరికి కడుపునొప్పి. క్రైస్తవ విలువలు ఇంట్లోనే సరదాగా నేర్పే మార్గాలుంటే చెప్పండి" అని అడిగారు. ఆ కడుపునొప్పి మా ఇంట్లోనూ ఉండేదండి. సరిగ్గా ఎనిమిదిన్నరకి మొదలై ఆమేన్‌తో తగ్గిపోయేది.

మేముండేది తిరుపతిలో, కొర్లగుంట వైపు. నా పుట్టిల్లు మీ చిత్తూరు పక్క పల్లె. మా అబ్బోడికి ఇప్పుడు పదకొండు, పాపకి ఎనిమిది. ఈ నాలుగేళ్లలో చేసినవాటిలో సగం బెడిసికొట్టాయి. ముందు అవే చెప్తాను, మీకు ఆ తలనొప్పన్నా తప్పుతుంది.

మొదట ఫ్రిజ్ మీద ఒక చార్టు అంటించాను. నిజం చెప్తే ఒక స్టార్, పంచుకుంటే ఒక స్టార్, ఆదివారానికి ఎక్కువ స్టార్లు వచ్చినవాళ్లకి ఐస్‌క్రీమ్. మూడో రోజుకే ఇల్లు పోలీస్ స్టేషన్ అయిపోయింది. "అన్న అబద్ధం చెప్పాడు, స్టార్ తీసెయ్ మా" అని పాప. "అది నీ ముందర బిస్కెట్ పంచి, నువ్వు వంటింట్లోకి పోగానే లాక్కుంది" అని వాడు. బైబిల్ క్విజ్ పెట్టి బహుమతులిచ్చినా అదే గోల. జ్ఞాపకశక్తి ఉన్నవాడు గెలిచాడు, లేనిది ఏడ్చింది. చార్టు చింపేశాను. స్టిక్కర్లు మాత్రం ఇంకా ఫ్రిజ్‌కి అతుక్కునే ఉన్నాయి, గోరుతో గీకినా రావు.

తర్వాత మెల్లగా తెలిసింది. పిల్లలు ఆడుతుంటే మేం జడ్జీల్లా కూర్చున్నది ఏదీ నిలవలేదు. మేమిద్దరం కూడా దిగి, ఆడి, ఒక్కోసారి పరువు పోగొట్టుకున్నవే నిలిచాయి.

అన్నిటికంటే బాగా నడిచేది శనివారం రాత్రి నాటకం. లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుని కథ: దొంగలు కొట్టి దారిలో పడేసినవాణ్ణి యాజకుడు (పూజారి), లేవీయుడు (గుడి సేవకుడు) చూసీ దాటిపోతే, సమరయుడొకడు ఆగి కట్టు కట్టి, తన గాడిద మీద ఎక్కించుకుపోతాడు. యెరూషలేము నుంచి యెరికోకి దిగే దారి మా హాలు. గాడిద ఎప్పుడూ మా ఆయనే. అందుకే దెబ్బలు తిన్నవాడి వేషం కోసం ఇద్దరూ కొట్టుకుంటారు, వీపెక్కొచ్చని. ఒక శనివారం నేను, "ఈసారి కథ తిరుపతిలో జరిగినట్టు వేద్దాం, దారి అలిపిరి రోడ్డు అనుకోండి" అన్నాను. సమరయుడి వంతు పాపది. అది వంటింట్లోకి పోయి, నెత్తిన స్టీలు గిన్నె బోర్లించుకుని, దానికి పసుపు నీళ్లు పూసుకుని వచ్చింది.

"ఏందే ఇది?"

"నేను గుండంకుల్ కదా!"

నాకు ఒక్క నిమిషం పట్టింది. అంతకుముందు ఏడాది వానల్లో కపిలతీర్థం దగ్గర మా స్కూటర్ జారింది. ఆయన, పిల్లలు ముగ్గురూ కిందపడ్డారు. కొండ దిగి వస్తున్న ఒకాయన, కొత్తగా తీయించుకున్న గుండు, దాని మీద తడి గంధం, మాట్లాడేది అరవం, ఇంటిల్లిపాదినీ రోడ్డు పక్కన నిలబెట్టి వచ్చి బండి లేపాడు. తన తాగే నీళ్లతో పాప మోకాలు కడిగి, ఆటో దొరికేదాకా అక్కడే ఉన్నాడు. పేరు కూడా అడగలేదు మా ఆయన. మేం మరిచిపోయాం, అది మరిచిపోలేదు. సమరయుడంటే యూదులు దగ్గరికి రానివ్వని పరాయివాడు అని ఆ కథ చెప్పినప్పుడల్లా చెప్పేదాన్ని, పిల్లల తలకి ఎక్కేది కాదు. ఆ పసుపు గిన్నెతో ఎక్కింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "సరే, మరి చూసి కూడా పక్కనుంచి పోయిన యాజకుడు ఎవరు, లేవీయుడు ఎవరు?" అని అడిగాను. అబ్బోడు కాసేపు ఆలోచించి, "మనమే మా" అన్నాడు. "క్రిస్మస్ ముందర ఆదివారం, బస్టాండ్ దగ్గర ఒకాయన పడిపోయి ఉంటే నాన్న బండి స్లో చేశాడు. తాగి పడుంటాడు పోనీ, ఆరాధనకి టైమైపోతోంది అన్నావు నువ్వు."

గాడిద లేచి కూర్చుంది. ఎవరం ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి ప్రార్థనలో మా ఆయన పిల్లల ముందే "నేను ఆగలేదు ప్రభువా" అన్నాడు, తర్వాత నేనూ అన్నాను. దేవుడి ముందు ఒప్పుకోవడం అలవాటే, పిల్లల ముందు ఒప్పుకోవడానికి గొంతు పెగల్లేదు అన్నాడాయన పడుకునేటప్పుడు. ఆ వారమే స్కూటర్ డిక్కీలోకి ఒక నీళ్ల బాటిలు, బ్యాండేజీ చుట్ట చేరాయి. పెట్టింది అబ్బోడే. ఇప్పటికీ నీళ్లు మార్చేది వాడే.

ఇక్కడ ఒక మాట అనాలి. మన ఊళ్లలో చుట్టూ ఉండేది ఎక్కువగా హిందూ కుటుంబాలు. పిల్లల స్నేహితులు వాళ్లే, కష్టానికి ముందు తలుపు తీసేదీ వాళ్లే. మన విలువలు నేర్పడమంటే పక్కింటివాళ్లని తక్కువ చేయడం అన్నట్టు కొందరు పిల్లల ముందు మాట్లాడతారు. నాకు అస్సలు నచ్చదు. ఆ కథ చెప్పిన యేసు సమరయుడిని ఎందుకు ఎంచుకున్నాడో వాళ్లే ఆలోచించుకోవాలి.

రెండోది తొక్కుడుబిళ్ళ. మిద్దె మీద సుద్దముక్కతో తొమ్మిది గడులు గీస్తాం. గలతీయులకు 5వ అధ్యాయం 22, 23 వచనాల్లోని ఆత్మఫలం సరిగ్గా తొమ్మిది మాటలు: ప్రేమ, సంతోషము, సమాధానము, దీర్ఘశాంతము, దయాళుత్వము, మంచితనము, విశ్వాసము, సాత్వికము, ఆశానిగ్రహము. బిళ్ళ ఏ గడిలో పడితే ఆ మాటకి తగ్గ సంగతి ఒకటి, ఆ వారం ఇంట్లో జరిగింది చెప్పి గెంతాలి. కానీ తను చేసింది చెప్పకూడదు. ఇంట్లో ఇంకొకరు చేసింది చెప్పాలి. ఈ ఒక్క షరతుతో స్టార్ల రోగం కుదిరింది. పక్కవాళ్ల తప్పులు లెక్కపెట్టిన పిల్లలే, శనివారం గడి కోసం వాళ్లలో మంచి వెతకడం మొదలుపెట్టారు.

బైబిల్ తెలుగు పిల్లల నోటికి తిరగదు, అది నిజమే. దీర్ఘశాంతము అంటే చాలాసేపు నిద్రపోవడం అనుకునేది పాప. అందుకని ఒక్కో మాటకి ఇంటి అర్థం ఒకటి పెట్టుకున్నాం. దీర్ఘశాంతము: తాత ఫోన్ మాట్లాడటం అయ్యేదాకా చార్జర్ అడక్కుండా ఉండటం. ఆశానిగ్రహము: డబ్బాలో ఆఖరి మురుకు. సాత్వికము దగ్గర మాత్రం నాకు చిక్కొచ్చింది. నా గురించి ఆ గడిలో చెప్పడానికి వరసగా మూడు వారాలు ఎవరికీ ఏమీ దొరకలేదు. "అమ్మ గురించి ఇంకో గడిలో చెప్తాలే" అని దాటేశాడు మా ఆయన. నాలుగో వారం, పాప పాలు ఒలకబోస్తే నేను అరవకుండా గుడ్డ తెచ్చాననిపించుకున్నాను. నిజానికి ఆ రోజు గొంతు బొంగురుపోయి ఉంది. అయినా ఒప్పుకున్నారు.

శ్రమల దినాల్లో (ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస రోజులు) చేసేది మా అవ్వ దగ్గర నేర్చుకున్నది. అన్నానికి బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసేది, ఆదివారం గుడికి తీసుకుపోయేది. పల్లెలో మా చర్చిని గుడి అనే అనేవాళ్లు. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా ఆదివారాలు తీసేస్తే నలభై రోజులు. రోజూ ఇద్దరూ తలా ఒక పిడికెడు వేస్తారు. మొదటి రోజు వంటింటి త్రాసులో తూచి చూశాం. పాప పిడికిలికి ముప్పై గ్రాములు, వాడిదానికి నలభై. నలభై రోజులకి ఎంత అని లెక్క వేయమంటే, రెండూ కలిపి రెండు కిలోల ఎనిమిది వందలు అని చెప్పి, "మూడు కిలోలకి రెండొందలు తక్కువ" అని బెంగ పెట్టుకున్నాడు. చివరి వారం వాడి పిడికిలి ఎందుకో పెద్దదైంది.

అయితే బియ్యం కొట్టునుంచి ఎక్కువ తెచ్చి తీస్తే అందులో ఏముంది? మనం తినేదాంట్లోంచి తగ్గాలి. అందుకే ఆ నలభై రోజులూ శుక్రవారం రాత్రి అన్నం వండం, రాగి సంకటి. మొదటి శుక్రవారం ఇద్దరూ మొహం మాడ్చుకున్నారు. పక్కన చెనిక్కాయల ఊరుబిండి పెట్టాక సద్దుకున్నారు. ఇప్పుడు మామూలు రోజుల్లో కూడా సంకటి అడుగుతున్నారు, అంటే ఉపవాసం కాస్తా విందు అయిపోయింది. వచ్చే ఏడాదికి ఇంకేదో ఆలోచించాలి. బియ్యం మా సంఘంలో ఒంటరిగా ఉండే ఒక పెద్దామెకి పిల్లలే ఇచ్చి వస్తారు. ఫొటోలు తీయం. ఆ విషయంలో నేను కొంచెం మొండి.

మీది చిత్తూరు కాబట్టి ఇంకొకటి చెప్తాను. వేలూరు సీఎంసీకి, అంటే క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి, పోని ఇల్లు మనవైపు ఉండదు కదా. మా అత్తగారి చెకప్‌కి పోయేటప్పుడు పిల్లలు బస్సులో విసిగిస్తారు. ఒకసారి ఆ దారిలోనే ఐడా స్కడర్ కథ మొదలుపెట్టాను. రాణిపేటలో 1870లో పుట్టిన అమ్మాయి, అమెరికాలో చదువుకుని, తల్లికి బాగాలేదని వచ్చింది. ఇక్కడ ఉండిపోవాలని ఆమెకి ఏ కోశానా లేదు. తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ముగ్గురి భార్యలకీ కాన్పు కష్టమైంది. ఆమె తండ్రి డాక్టరే, కానీ మగ డాక్టర్ని ఇంట్లోకి రానివ్వం, నువ్వే రా అన్నారు. ఆమెకి వైద్యం రాదు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఆమె తిరిగి అమెరికా పోయి డాక్టరు చదివి వచ్చి, 1900లో వేలూరులో ఒకే ఒక మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల తెరిచింది. "ఆ ఒక్క మంచమే ఇప్పుడు మనం పోతున్న ఆసుపత్రి" అన్నాక ఇద్దరూ కిటికీలోంచి వేలూరు ఎప్పుడొస్తుందా అని చూడసాగారు.

పాప అడిగింది: "ఆ ముగ్గురి పేర్లేంది?" నేను విన్న కథలో వాళ్ల పేర్లు లేవు. ఆ రాత్రి ప్రార్థనలో "చనిపోయిన ఆ ముగ్గురు అత్తలు" అని చేర్చింది. మా సంఘంలో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చేసే పద్ధతి లేదు. నేను సరిదిద్దలేదు.

మిగతావి మీకు తెలిసినవే. మట్టల ఆదివారానికి ఈతాకుతో సిలువలు అల్లడం, డిసెంబర్‌లో వెదురు బద్దలతో స్టార్ కట్టడం, మే నెలలో వీబీఎస్ (సెలవుల్లో చర్చిలో పిల్లలకి పెట్టే బైబిల్ బడి). పెరుగు కప్పులో ఆవాలు చల్లి ఆవగింజ ఉపమానం కూడా చెప్పాను. నాలుగు రోజులకి మొలకలొచ్చాయి, ఐదో రోజు ఉడుత తినేసింది. ఇక మీ రాత్రి ప్రార్థన గురించి: భోజనానికి ముందు పెట్టి చూడండి, పదిహేను నిమిషాలు దాటనివ్వకండి. పదేళ్ల వాడికి పాట ఎంచుకునే అధికారం ఇచ్చేయండి. మావాడు ఏడాదిగా ఒకే పాట ఎంచుకుంటున్నాడు, భరిస్తున్నాం.

ఈ వారమే మొదలుపెట్టాలంటే జక్కయ్య ఆటతో పెట్టండి, పైసా ఖర్చు లేదు. లూకా 19వ అధ్యాయం. మేడిచెట్టెక్కిన పొట్టి జక్కయ్య, అన్యాయంగా ఎవరి దగ్గరైనా ఏమైనా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగిస్తానన్నాడు కదా. కథ చదివాక పది నిమిషాలు ఇల్లంతా వెతకాలి, ఇంట్లో ఉన్న ఇతరుల వస్తువులన్నీ హాల్లోకి తేవాలి. మొదటిసారి అబ్బోడి సంచిలోంచి స్నేహితుడి కంపాస్ వచ్చింది. మా ఆయన చొక్కా జేబుల్లోంచి ఆఫీసు పెన్నులు నాలుగు. పాప ఎక్కణ్ణించో ఒక స్టీలు గిన్నె పట్టుకొచ్చి, అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు వేలితో తడుముతూ కూడబలుక్కుని చదివింది. పై ఇంటామె పేరు. సంక్రాంతికి చక్కెర పొంగలి పెట్టి పంపిన గిన్నె. మేం ఆట ఆడింది సెప్టెంబర్‌లో.

"మరిచిపోయానే" అన్నాను.

"మరిచిపోతే మనది అయిపోతుందా?" అని, నాలుగంతలు లెక్కన నాలుగు గిన్నెలు ఇవ్వాల్సిందేనని పట్టుబట్టింది. చివరికి ఆ ఒక్క గిన్నెలోనే నాలుగు రకాలు పెట్టి ఇచ్చేలా రాజీ కుదిరింది: చెనిక్కాయ ఉండలు, మురుకులు, రెండు అరటిపళ్లు, ఒక బెల్లం అచ్చు. మెట్లెక్కి పోయి తలుపు తీయగానే, "ఆంటీ, మా అమ్మ మీ గిన్నె ఎనిమిది నెలలు పెట్టేసుకుంది" అని గట్టిగా చెప్పేసింది. నేను మెట్ల దగ్గరే నిలబడిపోయాను. ఆమె పడీపడీ నవ్వి, లోపలికి పోయి తన షెల్ఫులోంచి మా డబ్బాలు రెండు తెచ్చి ఇచ్చింది. ఒకటి పోయిందనుకుని నేను కొత్తది కూడా కొనేశాను.

పోయిన వారం ఆమె అలసంద వడలు పంపింది, అదే గిన్నెలో. గిన్నె కడిగి గట్టు మీద పెట్టాను. పాప స్కూలుకి పోతూ వస్తూ దాని వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూస్తోంది.