కొత్త వంటింట్లో పండ్ల ఓట్స్ రుచిగా రావాలంటే ఏం చేయాలి?

మీరు రాసింది ఇదీ: కొన్నాళ్ళు వేరేవాళ్ళ ఇంట్లో ఉంటున్నారు, కొలత కప్పులు లేవు, పొయ్యి అలవాటు లేదు. ఓట్స్ ఒకరోజు బంకలా, ఇంకోరోజు చప్పగా వచ్చాయి. నిన్న పైనాపిల్ వేస్తే పాలు విరిగి చేదెక్కాయి. ఓట్స్, పాలు, పండ్లు అన్నీ ఒకేసారి గిన్నెలో వేస్తున్నానన్నారు కదా, చిక్కంతా అక్కడే ఉంది. ఏది ఎప్పుడు వేస్తున్నామన్నదాని మీదే ఈ వంట రుచి ఆధారపడి ఉంటుంది.

కొలతకి ఏదో ఒక గ్లాసు చాలు, అన్నిటికీ అదే వాడండి. ఒకరికి అర గ్లాసు ఓట్స్, అంటే సుమారు 40 గ్రాములు. దానికి ముప్పావు గ్లాసు నీళ్ళు, పావు గ్లాసు పాలు. ఇంకో పావు గ్లాసు వేడినీళ్ళు పక్కన ఉంచుకోండి. వెడల్పు గిన్నెలో నీళ్ళు త్వరగా ఇగిరిపోతాయి, అప్పుడు అక్కరకొస్తాయి. ఈ లెక్క అటుకుల్లా చదునుగా ఉండే రోల్డ్ ఓట్స్‌కి. డబ్బా మీద పేరు లేకపోతే గింజ చూడండి. నూకల్లా గట్టిగా ఉంటే అవి స్టీల్ కట్: మూడు నాలుగు రెట్ల నీళ్ళు, 20 నుంచి 30 నిమిషాలు కావాలి. పలచగా, పొడిపొడిగా ఉంటే ఇన్‌స్టంట్: రెండు నిమిషాలు దాటితే ముద్దైపోతాయి.

పొయ్యి వెలిగించే ముందు నాలుగు పలుకులు నోట్లో వేసుకుని నమలండి. ఓట్స్‌లో బియ్యం, గోధుమల కంటే కొవ్వు ఎక్కువ కాబట్టి ఎక్కువకాలం నిలవుంటే సిక్కువాసన పడతాయి. చివర్లో చేదు తగిలిందంటే ఏ పండూ దాన్ని కప్పలేదు, పక్కన పెట్టేయండి. ఉప్పు, పంచదార డబ్బాలు కూడా రుచి చూసే తీయండి. చెక్క పీట, చెక్క గరిటె మాత్రం ముట్టుకోవద్దు. ఎంత కడిగినా చెక్కలో ఉల్లి, వెల్లుల్లి వాసన మిగిలే ఉంటుంది, వేడి జావ దాన్ని ఇట్టే పట్టేస్తుంది. పండ్లు పళ్ళెంలో పెట్టి కోసుకోండి.

ఇప్పుడు వేయించడం. చాలామంది వదిలేసేది ఇదే, చప్పదనానికి అసలు మందూ ఇదే. గిన్నెలో ఒక చెంచా వెన్న కరిగించి, ఓట్స్ వేసి, మధ్యస్థం కంటే తక్కువ మంట మీద మూడు నాలుగు నిమిషాలు కలుపుతూ ఉండండి. మొదట పచ్చిపిండి వాసన వస్తుంది. తర్వాత అది పోయి, వేగిన బాదం లాంటి కమ్మని వాసన లేస్తుంది, పలుకుల అంచులు లేత గోధుమరంగుకి తిరుగుతాయి. అప్పుడు పావు చెంచా దాల్చినచెక్క పొడి ఆ వెన్నలోనే వేసి 20 సెకన్లు తిప్పండి. దాల్చిన చెక్క సువాసన కొవ్వులో బాగా దిగుతుంది. నీళ్ళలో నేరుగా వేస్తే పొడి ఉండకట్టి జారుడుగా తగులుతుంది.

వెంటనే ఆ ముప్పావు గ్లాసు నీళ్ళు వేడిగా, చిటికెడు ఉప్పు. చిందుతుంది, కాస్త దూరంగా ఉండి పోయండి. ఉప్పు లేకపోతే ఎంత తీపి వేసినా రుచి తేలదు. మంట తగ్గించి ఐదు నిమిషాలు ఉడికించండి. మూడు నాలుగుసార్లు అడుగు నుంచి కలిపితే చాలు. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు ఉంటుంది, అదేపనిగా తిప్పితే అదీ పిండిపదార్థమూ బయటికొచ్చి బంక అవుతుంది. పాలు చివరి రెండు నిమిషాల్లోనే. మొదటినుంచీ పాలతో వండితే పలచటి గిన్నెలో అడుగంటి మాడువాసన వస్తుంది. మీకు కావలసినదానికంటే కొంచెం జారుగా ఉన్నప్పుడే దించి, పళ్ళెం మూతపెట్టి రెండు నిమిషాలు వదిలేయండి, అదే చిక్కబడుతుంది. కరెంటు పొయ్యి ఐతే ఆపాక కూడా కాయిల్ వేడిగానే ఉంటుంది, గిన్నెని పక్కకి తీసేయాలి.

పండ్ల సంగతి. యాపిల్, పియర్ ఐతే సెంటీమీటరు ముక్కలు కోసి నీళ్ళతోపాటే వేయండి, ఎండుద్రాక్ష, ఖర్జూరం కూడా అప్పుడే. ఉబ్బి, వాటి తీపి జావలోకి దిగుతుంది. బాగా మగ్గిన అరటిపండు సగం మెదిపి పాలకి ముందు కలిపితే పంచదార దాదాపు అక్కర్లేదు, మిగతా సగం పైన ముక్కలుగా. ఫ్రీజర్‌లోని బెర్రీలు నీరు వదులుతాయి కాబట్టి రెండు మూడు చెంచాల నీళ్ళు తగ్గించండి. పులుపు కాబట్టి వాటిని మరుగుతున్న పాలలో వేయకుండా దించాక కలపండి, లేకపోతే పాలు విరుగుతాయి.

మీ పైనాపిల్‌లో పులుపుతోపాటు బ్రోమలిన్ అనే ఎంజైమ్ కూడా ఉంది. అది పాలలోని ప్రొటీన్‌ని ముక్కలు చేస్తుంది, చేదు అందుకే. వండని కివీ, బొప్పాయిలోనూ ఇలాంటివే ఉన్నాయి. పైనాపిల్ ముక్కల్ని వేరే పెనంలో ఒక చెంచా పంచదారతో, రసం మరిగి ఇగిరేదాకా ఐదు నిమిషాలు వేడిచేస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. పులుపు మిగిలే ఉంటుంది కాబట్టి గిన్నెలో కలపకుండా వడ్డించేటప్పుడు పైన వేసుకోండి. కివీ వండితే రంగూ రుచీ పోతాయి, పచ్చిగానే తినే ముందు వేసుకుని వెంటనే తినేయడం మేలు.

ఇంకా ఏదో తక్కువైందనిపిస్తే పంచదార వైపు వెళ్ళకండి. నిమ్మకాయ పసుపు తొక్కని మాత్రం కొద్దిగా తురిమి చల్లండి, రసం వద్దు. తొక్కకింది తెల్లటి పొర చేదు.

మైక్రోవేవ్ మాత్రమే ఉంటే గిన్నెలో మూడోవంతుకి మించి నింపొద్దు. ముందు ఒక నిమిషం, తర్వాత 30 సెకన్ల చొప్పున, మధ్యలో ఆపి కలుపుతూ. ఆ యంత్రం వేడి ఎంతో తెలియదు కాబట్టి పొంగుతుందేమో చూస్తూ దగ్గరే నిలబడండి.

తిన్నాక గిన్నెలో వెంటనే చన్నీళ్ళు పోసి నానబెట్టండి. వేడినీళ్ళు పోస్తే జిగురు ఇంకా పట్టుకుంటుంది. పావుగంట తర్వాత మెత్తటి స్పాంజితో వచ్చేస్తుంది, వాళ్ళ నాన్‌స్టిక్ గిన్నెని స్టీలు పీచుతో గీకే పని ఉండదు.