పాదాల మంటలకు ఇంకో మాత్ర కలిపే ముందు బి12 చూపించండి

మీ నాన్నగారు ఏళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతున్నారు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 6.8 దగ్గరే ఉంది, అయినా పాదాల్లో మంటలు, తిమ్మిర్లు. మల్టీవిటమిన్‌తో పాటు నరాలకు ఇంకో మాత్ర కలపాలా అని అడిగారు.

ఇప్పుడే కలపకండి. ముందు రక్తంలో బి12 విటమిన్ ఎంతుందో పరీక్ష చేయించండి. బి12 ఉన్న మాత్ర మొదలుపెట్టాక చూపిస్తే అంకె పెరిగి అసలు లోటు దాగిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఎక్కువ కాలం వాడేవాళ్లలో పేగు బి12ను సరిగా పీల్చుకోకపోవచ్చు. రోజూ గ్యాస్ మాత్ర కూడా వేసుకుంటుంటే, లేదా ఆయన పూర్తి శాకాహారి అయితే, లోటుకు అవకాశం మరింత ఎక్కువ. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు వస్తే సాధారణంగా లోటుగానే తీసుకుంటారు. 200–300 మధ్య వస్తే, బి12 లోటులో రక్తంలో పెరిగే మిథైల్ మలోనిక్ యాసిడ్ పరీక్ష గురించి డాక్టరుగారిని అడగండి. కిడ్నీలు దెబ్బతిన్నా అది పెరుగుతుంది కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు పక్కన పెట్టుకునే చదవాలి.

నాకు ఎక్కువ బెంగ ఆ మల్టీవిటమిన్ గురించే. అందులోని ఫోలిక్ యాసిడ్ బి12 లోటు వల్ల వచ్చే రక్తహీనతను కప్పేయవచ్చు, నరాల నష్టం మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. బి6 అయితే పెద్ద మోతాదులో నెలల తరబడి పడితే తానే తిమ్మిర్లు తెప్పిస్తుంది. నరాల కోసం అమ్మే మాత్రల్లో అది తరచుగా ఉంటుంది. రెండు డబ్బాల మీదా బి6 మోతాదు చూసి కూడండి.

ఇంకోటి, బి12 లోటు వల్ల రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. పరగడుపు షుగరుతో పోల్చి చూడమనండి.

మెట్‌ఫార్మిన్ మాత్రం సొంతంగా ఆపకండి, దాన్ని కొనసాగిస్తూనే బి12 ఇవ్వవచ్చు. నడకలో తూలుడు, మతిమరుపు కూడా కనిపిస్తుంటే ఈ వారమే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లండి.