కాలేజీ నుంచి తెచ్చుకోవలసిన ఒక్క కాగితం

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బ్యాంకు ఖాతా ఆంధ్రాలోని పాతపట్నంలో ఉంది. జూన్ 18న మా అమ్మాయి కాలేజీ ఫీజు 18,400 రూపాయలు డెబిట్ కార్డుతో ఆన్‌లైన్‌లో కట్టాను. చెల్లింపు విఫలమైందని వచ్చింది, ఖాతాలో డబ్బు మాత్రం పోయింది. ఆఖరు తేదీ కావడంతో నా భార్య గాజులు తాకట్టు పెట్టి మర్నాడు మళ్లీ కట్టాను. అక్టోబరు ముగిసింది, మేనేజరు 'వస్తుంది' అంటున్నారు. అసలు నేను కట్టనే లేదని, మోసం జరిగిందని రాస్తే వెంటనే వస్తుందని మిత్రుడి సలహా. రాయమంటారా?

జవాబు: రాయకండి. ఓటీపీ మీ ఫోనుకే వచ్చింది, నమోదు చేసింది మీరే. ఆ వివరం బ్యాంకు దగ్గర భద్రంగా ఉంటుంది. అబద్ధం బయటపడ్డాక మీ నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

గాజుల సంగతి కేసును తేల్చదు. జూన్ 18 నాటి డబ్బు కాలేజీకి చేరిందా లేదా అన్నదే తేల్చుతుంది. చేరి ఉంటే తిరిగి ఇవ్వవలసింది కాలేజీ. చేరినట్టు కాలేజీకి ధ్రువీకరణ అందకపోతే, రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20 నాటి సర్క్యులర్ ప్రకారం లావాదేవీ జరిగిన రోజు కాక అయిదు రోజుల్లో ఆ సొమ్ము మీ ఖాతాకు తిరిగి రావాలి. అది దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం, మీరు అడగకుండానే. మీ లెక్క జూన్ 24న మొదలైంది. అక్టోబరు 31కి 130 రోజులు, 13,000 రూపాయలు.

అయితే మీ దగ్గర రెండో చెల్లింపు రసీదు ఉంది. 'ఫీజు అందింది కదా' అని బ్యాంకు దాన్నే చూపిస్తుంది. అందుకే రెండు తేదీలు, రెండు రెఫరెన్సు నంబర్లు విడివిడిగా వేసి, మొదటిది అందలేదని కాలేజీ చేత రాయించుకోండి. ఎస్సెమ్మెస్ పోయినా స్టేట్‌మెంటులో నంబరు దొరుకుతుంది.

ఇన్ని నెలలు నోటిమాటతో తిరిగారా? కాగితం లేని ఫిర్యాదును ఎవరు లెక్కపెడతారు? రేపే రాతపూర్వకంగా ఇచ్చి, రెండో ప్రతిపై తేదీతో ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. రుసుము లేదు, వకీలు ద్వారా వేస్తే తీసుకోరు, కనుక వకీలునైన నా అవసరమూ లేదు. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది, గడువు రెండేళ్లు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే వేయవచ్చు. ఖాతా ఆంధ్రాలో ఉందని సరిహద్దు దాటనక్కర్లేదు.