స్పైడర్‌మ్యాన్ సినిమా తీసిన కొడుకు, సీఈటీ రాయమంటున్న తండ్రి

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. పదిహేనేళ్లుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. మా అబ్బాయి సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది), పీసీఎంసీ, అంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్. ఆరు నెలలుగా ఫ్రెండ్స్‌తో కలిసి అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద తొమ్మిది నిమిషాల స్పైడర్‌మ్యాన్ సినిమా తీశాడు. డ్రెస్ కోసం నా ఎర్ర చుడీదార్ కత్తిరించేశాడు. యూట్యూబ్‌లో పెడితే పాట గురించి కాపీరైట్ క్లెయిమ్ వచ్చిందట. కేసవుతుందేమోనని వాళ్ల నాన్నకు ఒకటే టెన్షన్. ఇంజినీరింగ్ కోసం సీఈటీ (కర్ణాటక ప్రవేశ పరీక్ష) రాయమంటారు ఆయన. వీడేమో ఇంజినీరింగ్ వద్దు, వీఎఫ్ఎక్స్ (సినిమాల్లో కంప్యూటర్‌తో చేసే విజువల్ ఎఫెక్ట్స్) చేస్తానంటాడు. మా ఆడపడుచు కొడుకు ఒక ఇన్‌స్టిట్యూట్ చెప్పాడు, డిప్లొమాకు నాలుగు లక్షలట. చేర్చమంటారా? ఆ సినిమా నేను రెండు నిమిషాలే చూశాను, అంతకంటే ఓపిక లేకపోయింది.

జవాబు: ముందు ఆయన టెన్షన్ సంగతి చూద్దామమ్మా. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ అంటే ఆ పాట తమదని హక్కుదారు చెప్పుకోవడం. ఆ వీడియో మీద యాడ్ల డబ్బు వాళ్లకు పోతుంది, లేదా వీడియో కొన్నిచోట్ల కనిపించదు. పాట తీసేసి వేరే సంగీతం పెడితే అక్కడితో ఆ గొడవ తీరుతుంది. స్ట్రైక్ అలా కాదు, తొంభై రోజుల్లో మూడు పడితే ఛానెలే పోతుంది.

అలాగని అంతా సేఫ్ అని కూడా అనను. మన 1957 కాపీరైట్ చట్టంలో సొంత వాడకానికి, విమర్శకు, సమీక్షకు మినహాయింపులున్నాయి. అభిమానంతో తీశానంటే సరిపోయే మినహాయింపు లేదు. ఇంట్లో చూసుకుంటే సొంత వాడకం, లోకమంతటికీ చూపిస్తే కాదు. పిల్లలు సరదాగా తీసుకునే వీడియోలను కంపెనీలు చాలావరకు చూసీ చూడనట్టు వదిలేస్తాయి. అది వాళ్ల దయే కానీ మన హక్కు కాదు.

ఆ దయ ఎక్కడ ఆగిపోతుందో అమెరికాలో ఒకసారి బాగా తెలిసింది. స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష కథల సిరీస్ అభిమానులు కొందరు ఆక్సనార్ అనే సినిమా కోసం పది లక్షల డాలర్లకు పైగా చందాలు పోగు చేశారు. 2015 డిసెంబరులో స్టార్ ట్రెక్ హక్కులున్న పారమౌంట్, సీబీఎస్ కంపెనీలు కోర్టుకెళ్లాయి. 2017లో రాజీ అయింది. ఈలోగా 2016లో ఆ కంపెనీలు ఫ్యాన్ ఫిల్ములకు నియమాలు పెట్టాయి. ఒక కథ పదిహేను నిమిషాలు దాటకూడదు, చందాలు యాభై వేల డాలర్లు మించకూడదు, పనిచేసేవాళ్లకు జీతాలివ్వకూడదు, అసలు పేరులో స్టార్ ట్రెక్ అనే మాట ఉండకూడదు, అభిమానులు తీసిందని మాత్రం కింద రాయాలి. ఇవి స్పైడర్‌మ్యాన్‌కు వర్తించవు. కానీ యజమానికి ఎక్కడ కాలుతుందో వీటిని చూస్తే తెలుస్తుంది. మీవాడు చందాలు ఎత్తకుండా, టీషర్టులు అమ్మకుండా, యాడ్ల డబ్బుకు ఆశపడకుండా ఉంటే ఆయన హాయిగా నిద్రపోవచ్చు.

ఇక అసలు విషయం. వీఎఫ్ఎక్స్ అని ఒక ఉద్యోగం లేదమ్మా. అందులో పదో పన్నెండో వేర్వేరు పనులున్నాయి, ఒకదానికి పనికొచ్చే మనిషి ఇంకోదానికి రాకపోవచ్చు. మీ టెర్రస్ సినిమానే తీసుకోండి. పిల్లవాడు వాటర్ ట్యాంక్ మీంచి తాడు పట్టుకుని ఊగాడనుకుందాం. (నిజంగా ఊగి ఉంటే, ఆ తాడు సంగతి వేరే మాట్లాడాలి.) ఆ తాడును ఫ్రేమ్ ఫ్రేమ్‌లో చెరిపేయడాన్ని పెయింట్ అంటారు. మనిషి అంచులు గీసి వెనకున్న దృశ్యం నుంచి వేరు చేయడం రోటో. ఫోన్ కెమెరా ఎలా కదిలిందో కంప్యూటర్‌తో లెక్కగట్టించడం మ్యాచ్‌మూవ్. అప్పుడే అతికించిన బిల్డింగ్ జారిపోకుండా నిలబడుతుంది. అన్నీ ఒకే వెలుగులో ఒకే సినిమాలా కలపడం కంపోజిటింగ్. పొగ, నిప్పు, నీళ్లు ఎఫ్ఎక్స్ వాళ్ల పని. స్టూడియోల్లో కొత్తవాళ్లను ఎక్కువగా మొదటి మూడింటిలో పెడతారు. కుర్చీలోంచి లేవకుండా గంటలకొద్దీ అంచులు గీయడం అన్నమాట. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మందికి ఈ మాట వినగానే మొహం వాడిపోతుంది. వాడిపోనివాళ్ల గురించే నేను ఎక్కువ ఆలోచిస్తాను.

ఇంకో మాట దాచకూడదు. ఇదే ఊళ్లో వేలమందికి పనిచ్చిన టెక్నికలర్ అనే వీఎఫ్ఎక్స్ కంపెనీ 2025 ఫిబ్రవరిలో కుప్పకూలింది. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ఉన్నట్టుండి రోడ్డున పడ్డారు. పైగా రోటో, పెయింట్ లాంటి పనుల్లోకే ఏఐ ముందుగా చొరబడుతోంది. అందుకే ఒక సాఫ్ట్‌వేర్ బటన్లు నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే కోర్సుకు నాలుగు లక్షలు పెట్టమని నేను చెప్పలేను. ఆ ఇన్‌స్టిట్యూట్‌ను పోయినేడు బ్యాచ్ పిల్లల షోరీళ్లు (తాము చేసిన మంచి షాట్లు కలిపిన చిన్న వీడియోలు) చూపించమనండి. వాళ్లలో ఇద్దరి ఫోన్ నంబర్లు అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. ఈ పనులకు వాడే సాఫ్ట్‌వేర్లలో బ్లెండర్ ఉచితం, డావిన్చి రిజాల్వ్‌కు ఉచిత వెర్షన్ ఉంది, న్యూక్, హౌడినీలకు కూడా నేర్చుకునేవాళ్ల కోసం ఉచిత వెర్షన్లున్నాయి. ఏడాదిపాటు నేర్చుకోవడానికి అవే ఎక్కువ.

పీయూసీ మాత్రం మంచి మార్కులతో గట్టెక్కాలి. ఐఐటీల్లో డిజైన్ డిగ్రీకి యూసీడ్ అనే పరీక్ష ఉంది. ఏ గ్రూప్ వాళ్లైనా రాయొచ్చు, బొమ్మ వేయడం కూడా పరీక్షిస్తారు. మామూలుగా అక్టోబరులో దరఖాస్తులు, జనవరిలో పరీక్ష. రెండుసార్లే రాయనిస్తారు, అదీ వరుస సంవత్సరాల్లో. డైరెక్షనో ఎడిటింగో చేయాలనుకుంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు ముందు ఏదో ఒక డిగ్రీ ఉండాలి. సీఈటీ కూడా రాయనివ్వండి. లెక్కలు, పైథాన్ వచ్చినవాళ్లకు స్టూడియోల్లో పైప్‌లైన్ అనే విభాగం ఉంది, ఆర్టిస్టుల పని సాఫీగా సాగేలా ప్రోగ్రాములు రాసేది అదే, అక్కడ కంప్యూటర్ సైన్స్ వాళ్లే కావాలి. మీవాడి పీసీఎంసీ వృథా పోదు. ఇది తండ్రికోసం చెప్తున్న రాజీమాట అనుకుంటాడేమో, కాదని చెప్పండి.

ఫ్యాన్ ఫిల్మ్‌తో పైకొచ్చినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. డాన్ ట్రాక్టెన్‌బర్గ్ 2011లో పోర్టల్ అనే వీడియో గేమ్ ఆధారంగా చిన్న సినిమా తీసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. 2016లో హాలీవుడ్‌లో మొదటి పెద్ద సినిమా, 2022లో ప్రెడేటర్ సిరీస్‌లో ఒకటి తీశాడు. కాకపోతే ఆ చిన్న సినిమా నాటికే అతనికి యాడ్ ఫిల్ములు తీసిన అనుభవం ఉంది. ఈ సగం మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

మీవాడు షోరీల్ చేసుకునేటప్పుడు తొమ్మిది నిమిషాలూ పెట్టకూడదు. నిమిషంన్నర చాలు. ఒక్కో షాట్ ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా మారింది పక్కపక్కన చూపించాలి, తను చేసిందేదో ఫ్రెండ్స్ చేసిందేదో రాయాలి. తర్వాతి సినిమాకు మాత్రం మాస్కు వేరే వాళ్లది వద్దు. మారతహళ్ళి బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయిన సూపర్‌హీరోను తనే పుట్టించుకోవచ్చు, ఆ హీరో మీద ఎవడూ క్లెయిమ్ వేయలేడు.

ఈ ఆదివారం మిగిలిన ఏడు నిమిషాలూ చూడండి, ఆయన్నీ కూర్చోబెట్టుకోండి. బాగుందనో బాలేదనో చెప్పకండి. ఇందులో ఏ షాట్ మళ్లీ చేయాలనుంది రా అని అడగండి. వాడు తాడు చెరిపిన షాట్ అంటాడో, కథ మార్చాలంటాడో, దెబ్బల సీన్ అంటాడో రాసి నాకు పంపండి. ఏ కోర్సో అప్పుడు మాట్లాడుకుందాం.