కనురెప్పల ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్: మా పిన్ని కథ

"జారిన కనురెప్పలకు ఆపరేషన్ చేయించుకుందామనుకుంటున్నాను, ఇన్ఫెక్షన్ వస్తుందా?" అని అడిగారు. అరుదు. రెప్పలకు రక్తప్రసరణ ఎక్కువ కాబట్టి గాయం తొందరగా మానుతుంది. కానీ ఆ అరుదైనదే కావలిలో మా పిన్నికి వచ్చింది.

కూతురి పెళ్లి నెల రోజులుందనగా, ఫొటోల్లో నిద్రమొహంలా పడతానని ఆవిడకు దిగులు పట్టుకుంది. చెన్నై వెళ్లి రెండు రెప్పలకూ చేయించుకుని మర్నాడే రైలెక్కి వచ్చేసింది. మూడు రోజులు బాగానే ఉంది. నాలుగోరోజు పొద్దున ఎడమ రెప్ప ఉబ్బి నేరేడుపండు రంగుకు తిరిగింది. "కోసినాక వాపు ఉండదంట్రా?" అని ఆవిడే మాకు సర్దిచెప్పింది. పక్కింటావిడ నందివర్ధనం పూలు పెట్టమంది. బాబాయి మందుల షాపులో ఏవో చుక్కలు తెచ్చాడు. చీటీ అడగకుండా కంటి చుక్కలు అమ్మేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఇన్ఫెక్షన్‌కు మేత వేసినట్టే.

సాయంత్రానికి చలిజ్వరం. నేను ఫోన్ లైటు వేసి, రెప్ప మెల్లగా ఎత్తి, "నా వేలు చూడు పిన్నీ" అన్నాను. కుడికన్ను వేలితో పాటు తిరిగింది. ఎడమది కదల్లేదు, గుడ్డు కూడా కాస్త ముందుకు తోసుకొచ్చింది. "రెండు వేళ్లు కనపడతన్నాయిరా" అంది.

వెంటనే కారెక్కించాం. కోవూరు దాటేదాకా బాబాయి "తెల్లారేదాకా చూస్తే పోయేదేమో" అంటూనే ఉన్నాడు. నెల్లూరులో స్కాన్ తీసి ఆర్బిటల్ సెల్యులైటిస్, అంటే కంటిగుంటలోకి పాకిన ఇన్ఫెక్షన్ అన్నారు. రెప్పకూ కంటిగుంటకూ మధ్య పలచటి పొర ఉంటుంది. ఇన్ఫెక్షన్ దాని వెనక్కి పోతే చూపు నరమే దెబ్బతినొచ్చట. షుగర్ చూస్తే 340! పెళ్లి హడావుడిలో మాత్రలు మానేసిందని అప్పుడు బయటపడింది. చీము తీసి, ఎనిమిది రోజులు నరానికి యాంటీబయాటిక్స్ ఎక్కించారు. చూపు దక్కింది.

మీరు చేయించుకుంటే చేయించుకోండి, షుగర్ ఉంటే ముందు అది అదుపులో పెట్టుకోండి. దూరం వెళ్లి చేయించుకుంటే కుట్లు తీసేదాకా అక్కడే ఉండండి. మొదటి రెండు మూడు రోజులు దాటాక వాపు రోజురోజుకూ తగ్గాలి. తగ్గింది మళ్లీ పెరిగినా, జ్వరం వచ్చినా, చూపు మసకబారినా, కన్ను తిప్పలేకపోయినా అర్ధరాత్రయినా బయల్దేరండి.

పెళ్లి ఆల్బమ్ నిండా మా పిన్ని నల్లకళ్లద్దాలతోనే ఉంటుంది. ముహూర్తం రాత్రి రెండింటికి.