అద్దె ఇంటి గోడకు చెమ్మ పడితే ఖర్చు అడ్వాన్సులో పట్టుకోవచ్చా?

వైజాగ్‌లో మీ కింద పోర్షన్ బెడ్‌రూమ్ గోడ చెమ్మ పట్టి, పెయింటు పొక్కులు లేచి రాలుతోందన్నారు. డ్యాంప్‌ప్రూఫ్ కోటు వేస్తే చాలని పెయింటరు అంటున్నాడు. అద్దెకున్నవాళ్లు కిటికీలు తెరవకపోవడమే కారణమని మీ అనుమానం.

నేనూ ఈ ఊళ్లోనే చాలా ఏళ్లుగా పోర్షన్లు అద్దెకిస్తున్నాను. ముందు ఆ పెయింటర్ని ఆపండి. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో తేలకుండా లోపలివైపు ఎంత ఖరీదైన కోటు వేసినా మళ్లీ పొక్కులే.

మరక ఎక్కడుందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తు దాకా గోడ పొడవునా ఉండి, వేలితో రాస్తే తెల్లటి ఉప్పు పొడి రాలుతోందంటే చెమ్మ పునాది నుంచి ఎక్కుతోందన్నమాట. బేస్‌మెంటు మీద డీపీసీ, అంటే నేలలోని చెమ్మ గోడకెక్కకుండా వేసే పొర, లేని పాత ఇళ్లలో ఇది మామూలే. ఇంకోటి, రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెంచుతారు, దానికి తగ్గట్టు మనం వాకిట్లో మట్టి పోయిస్తాం, చివరికి నేల బేస్‌మెంటును దాటి గోడ దాకా వచ్చేస్తుంది. గోడవారగా పూలమొక్కలుంటే రోజూ మనమే నీళ్లు పోసి మరీ తడుపుతున్నట్టు. ముందు ఆ మట్టి తీయించండి. తర్వాత మరకకు అడుగు పైదాకా ప్లాస్టరింగు చెక్కించి, ఇటుక బాగా ఆరాక వాటర్‌ప్రూఫ్ లిక్విడ్ కలిపి మళ్లీ చేయించండి. డబ్బా మీద కొలత రాసి ఉంటుంది, ఎక్కువ రకాలకు సిమెంటు బస్తాకి 200 మి.లీ. మేస్త్రి చేతి అంచనాకు వదలకండి, పక్కన నిలబడి పోయించండి. ప్లాస్టరింగుకు నీళ్లు కొట్టే క్యూరింగు అయ్యాక కూడా గోడ పూర్తిగా ఆరేదాకా పుట్టీ పెట్టనివ్వొద్దు.

మరక సీలింగు మూలలో ఉండి వాన పడ్డాక పెరుగుతుంటే డాబా మీద పిట్టగోడ, స్లాబు కలిసే చోట బీటలు వెతకండి. వాటిని పూడ్చే పని వానలకు ముందే, ఏప్రిల్, మే నెలల్లోనే చేయించాలి. సముద్రం వైపు గోడలకు గాలివాన అడ్డంగా కొడుతుంది కూడా. 2014 హుద్‌హుద్ తుపానులో మా తూర్పు గదిలోకి నీళ్లొచ్చింది స్లాబు నుంచి కాదు, కిటికీ ఫ్రేము పక్క సందుల్లోంచి.

వానతో పనిలేకుండా ఏడాదంతా తడిగా ఉంటే గోడ అవతల బాత్రూమ్ ఉందేమో చూడండి. నాని ట్రాప్‌లో, అంటే బాత్రూమ్ నేల మీద నీళ్లు పోయే రంధ్రంలో, గుడ్డ కుక్కి, అంగుళం ఎత్తున నీళ్లు నింపి, టైలు మీద పెన్సిల్‌తో గీత పెట్టి ఒక రోజు వదిలేయండి. నీళ్లు గీత కిందికి బాగా దిగి ఇవతల మరక పెరిగితే టైల్స్ సందుల్లోని సిమెంటో, ట్రాప్ చుట్టూ ఉన్న సిమెంటో వదిలేసినట్టు. నీళ్లు దిగకపోతే గోడలోని పైపును అనుమానించండి.

బీరువా వెనక, మూలల్లో నల్లటి బూజు చుక్కలు మాత్రమే ఉంటే అది గదిలోని ఆవిరి. అనుమానంగా ఉంటే మూరెడు ప్లాస్టిక్ కవరు గోడకు నాలుగువైపులా టేపుతో అంటించి రెండ్రోజులాగండి. కవరు వెనక, గోడవైపు చెమర్చితే తడి గోడలోదే. గది వైపు చెమర్చితే గాలిలోది. కిటికీల గొడవ ఈ ఒక్క రకానికే వర్తిస్తుంది. అయినా ఎగ్జాస్ట్ ఫ్యాను లేని బాత్రూము, బట్టలారేసుకోవడానికి చోటులేని పోర్షన్ ఇచ్చి వాళ్లనే అనడం నాకైతే న్యాయంగా తోచదు. ఫ్యాను పెట్టించండి, బీరువా గోడకు జానెడు దూరం జరపమనండి.

ఇక అడ్వాన్సు సంగతి. 2021లో కేంద్రం రాష్ట్రాల కోసం రూపొందించిన నమూనా అద్దె చట్టం ప్రకారం కట్టడం రిపేర్లు, గోడలకు సున్నం, పైపులు మార్చడం ఓనరు బాధ్యతే. కుళాయి వాషర్లు, కాలువ శుభ్రం అద్దెకున్నవాళ్లవి. మీరు అగ్రిమెంటులో వేరేగా రాసుకుని ఉంటే అదోసారి చూడండి. లేదంటే మాత్రం అడ్వాన్సులో పట్టకండి. ప్లాస్టరింగు చెక్కేటప్పుడు వాళ్లు ఆ గది వాడుకోలేరు కాబట్టి మేమైతే ఆ నెల అద్దెలో కొంత తగ్గిస్తాం.